అప్‌డేట్: ఏప్రిల్ ఎండలో బ్యాంకాక్ వెళ్లొచ్చాం

బరంపురం నుంచి అమ్మానాన్నలతో బ్యాంకాక్ వెళ్తున్నాం, ఎండకు ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగాను కదా. క్షేమంగా తిరిగొచ్చాం. సాక్సులు పట్టుకెళ్లమన్న అక్కకు వేల దండాలు. వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ని చూడాలంటే చెప్పులు విప్పాలి. మధ్యాహ్నం అక్కడి గచ్చు పెనంలా కాలుతోంది. అమ్మ సాక్సులతోనే గబగబా లోపలికి నడిచింది. ఆ ఒక్క సలహా లేకపోతే కాళ్లు బొబ్బలెక్కేవి.

గ్రాండ్ ప్యాలెస్‌కు ఉదయం 8.30కే వెళ్లండి. నిక్కరు వేసుకున్న తమ్ముణ్ని గేటు దగ్గరే ఆపేశారు, ప్యాంటు కొనాల్సి వచ్చింది. కుళాయి నీళ్లు ముట్టలేదు, సీసా నీళ్లలో ఓఆర్‌ఎస్ కలుపుకున్నాం.

ఇంకోటి, థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు (ఆ దేశంలోకి వెళ్లే విదేశీయులు నింపే ఫారం) దిగే రోజుకు ముందు 3 రోజుల లోపు ఆన్‌లైన్లో నింపాలి. అది ఉచితం. డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి.