'స్వాష్‌బక్లర్'ను తెలుగులో ఏమందాం?

16వ శతాబ్దపు లండన్‌లో జరిగే ఒక సరదా సాహస కథను పిల్లల కోసం తెలుగులోకి తెస్తున్నాను. అందులో కథానాయకుణ్ణి ఊరంతా 'స్వాష్‌బక్లర్' అంటుంది. 'సాహసవీరుడు' అని రాస్తే వాడి అల్లరి పోతోంది. 'డాంబికుడు' అంటే వాడి ధైర్యం పోతోంది. వారం రోజులుగా కలం అక్కడే ఆగితే, మిమ్మల్నే సలహా అడిగాను.

మాటను విప్పి చూస్తే, బక్లర్ అంటే పిడికిట్లో పట్టుకునే చిన్న గుండ్రటి డాలు. స్వాష్ అంటే చప్పుడయ్యేలా కొట్టడం. వీధిలో కత్తితో డాలును ఖణేలుమనిపిస్తూ తిరిగేవాడన్నమాట. మొదట్లో ఇది తిట్టే! లండన్‌లో స్మిత్‌ఫీల్డ్ ఇలాంటివాళ్లకు నెలవు. దాన్ని 'రౌడీల సావడి' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారని ఇంగ్లీషు రచయిత థామస్ ఫుల్లర్ రాశాడు. 1662లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఇంకో ముచ్చట ఉంది: ఆ పోట్లాటల్లో చచ్చినవాళ్లకన్నా గాయపడ్డవాళ్లు ఎక్కువ, గాయపడ్డవాళ్లకన్నా జడుసుకున్నవాళ్లు ఎక్కువ. మోకాలి కింద కొట్టడం పౌరుషం కాదనుకునేవారట. సరదా సాహస కథల ప్రాణమంతా నాకు ఇక్కడే కనిపించింది. కత్తులు మోగాలి, గుండెలు అదరాలి, చివరికి అందరూ ఇంటికి చేరాలి.

తర్వాత పొడిచే సన్నకత్తి రేపియర్ వచ్చి ఆ డాలును మూలకు నెట్టింది. మాట మాత్రం బతికి, కాలక్రమంలో మెప్పుగా మారింది. ఒకప్పుడు జూదం ఆడించేవాడైన 'సభికుడు' మనకు సభలో కూర్చునే పెద్దమనిషి అయినట్టే ఇదీ అర్థోత్కర్ష, అంటే మాట అర్థం చెడు నుంచి మంచికి ఎదగడం.

బక్లర్ పుట్టుక కూడా ముచ్చటైనదే. డాలు నడుమ ఉబ్బెత్తుగా ఉండే లోహపు బొడిపెను బట్టి ఆ పేరు వచ్చింది. దాని వెనక ఉన్న లాటిన్ మాట 'బుక్కా'కు బుగ్గ అని అర్థం. మన బుగ్గతో పోలిక కేవలం యాదృచ్ఛికం. అయినా ఉబ్బిన బుగ్గలాంటి డాలు అనుకోగానే ఆ వస్తువు కళ్లకు కట్టింది.

మీలో ఇద్దరు 'జానపద వీరుడు' అన్నారు. కత్తియుద్ధాల సినిమాలను మనం జానపదాలే అన్నాం, కాంతారావును కత్తి కాంతారావును చేసుకున్నాం. ఆ మమకారం నాకూ ఉంది. కానీ జానపదుడంటే పల్లెవాసి. స్మిత్‌ఫీల్డ్ వాడు నగరపు సందుల్లో పుట్టి పెరిగినవాడు. పైగా జానపదం అనగానే గేయాలూ కథలూ ముందు గుర్తొస్తాయి.

'తొడగొట్టే వీరుడు' అన్న సూచన దాదాపు ఒప్పించింది. పోరుకు ముందు చప్పుడు అందులో ఉంది. అయితే తొడగొట్టగానే మల్లులూ కుస్తీ బరీ వచ్చి కూర్చుంటాయి, డాలుకు చోటుండదు.

చివరికి దారి చూపింది మన 'కోతలరాయుడు'. ఆ రాయుడిలో వెక్కిరింత ఉంది, కొంత ముద్దూ ఉంది. అందుకే 'డాలుమోతరాయుడు' అంటున్నాను. మోత అంటే చప్పుడూ అవుతుంది, మోయడమూ అవుతుంది. వాడు డాలు మోసేవాడు, డాలు మోగించేవాడు కూడా. కోతకు మోత ప్రాస కలవడం వల్ల పిల్లల నోట కూడా సులువుగా ఆడుతుంది. సమాసం పొడవైందంటే ఒప్పుకుంటాను, కానీ కుదించబోతే రాయుడు పోతున్నాడు.

వాడు మొదటిసారి కనిపించే చోటు ఇప్పుడిలా ఉంది:

మనిషి కన్నా ముందు చప్పుడు వచ్చింది. "తలుపులు వేసుకోండర్రా, డాలుమోతరాయుడు వస్తున్నాడు!" అంది రొట్టెలమ్మే అవ్వ, తన తలుపు మాత్రం తెరిచే ఉంచి.