మా వీధిలో బండ్ల స్పీడు మేమే లెక్క కడుతున్నాం, తర్వాత ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. బజారులో రద్దీ తప్పించుకోవడానికి పాతపట్నం వైపు వెళ్లే ఆటోలు, ట్రాక్టర్లు మా వీధిలోంచి దూసుకుపోతున్నాయి. పోయిన నెల పక్కింటి మామ్మగారు ముగ్గు వేస్తుంటే బైకు రాసుకుంటూ పోయింది. ముగ్గుగిన్నె ఎగిరి కాలవలో పడింది, ఆవిడకి ఏం కాలేదు.

అప్పటి నుంచి మేం నలుగురం రోజూ పొద్దున్న గంటసేపు అరుగు మీద కూర్చుని రాస్తున్నాం. రెండు కరెంటు స్తంభాల మధ్య 50 మీటర్లు టేపుతో కొలిచాం. ఆ దూరం 4 సెకన్లలో దాటితే గంటకు 45 కిలోమీటర్లన్నమాట. చాలా బండ్లు అంతకంటే ముందే దాటేస్తున్నాయి!

బ్రిటన్‌లో ఊరివాళ్లే ఇలా స్పీడు చూసి నంబర్లు పోలీసులకిస్తే, వాళ్లు బండి ఓనరుకి హెచ్చరిక ఉత్తరం పంపుతారట. మన దగ్గర ఎవరైనా ఇలా చేశారా? ఫోన్ స్టాప్‌వాచ్ లెక్కని పోలీసులు పట్టించుకుంటారా? స్పీడ్ బ్రేకర్ కోసం అర్జీ మున్సిపాలిటీకి ఇవ్వాలా, ట్రాఫిక్ వాళ్లకా? సొంతంగా సిమెంటు దిమ్మ కట్టేద్దామని కుర్రాళ్ల తొందర, నేనే ఆపుతున్నాను. అర్జీ ఒడియాలో రాసిపెట్టేవాళ్లుంటే మరీ మంచిది, నాది మాట్లాడే ఒడియానే.