ఈ వారం సమస్య: చావులేనివాడు చచ్చె నేడు

నిర్వాహకుడు: మిత్రులారా, ఈసారి సమస్య, అంటే మీరు పూరించి అర్థం కుదర్చాల్సిన చిక్కు పాదం, పుట్టింది మా ఇంట్లోనే. మా మేనల్లుడు ఒక ఫాంటసీ సీరియల్ రాస్తున్నాడు, అందులో ఏడుగురు చావులేని వీరులు. మొదటి పది భాగాలు చదివాను. ఫైట్లు బాగున్నాయి కానీ ఏడుగురికీ ఒకటే కోపం, ఒకటే పంచ్ డైలాగు, పేర్లు చెరిపేస్తే ఎవరు మాట్లాడుతున్నారో వాడికే తెలీదు! "ఒరేయ్, చావు లేదంటే అది శక్తిరా, స్వభావం ఎక్కడ?" అన్నాను. వాడు అలిగాడు. సరే, మన వాళ్లనే అడుగుదామని ఇలా వచ్చాను.

సమస్య: చావులేనివాడు చచ్చె నేడు

ఆటవెలది చివరి పాదం. చావు, లేని, వాడు, చచ్చె, నేడు – అయిదు గణాలూ (అక్షరాల గుంపులు) గలాలే, అంటే గురువు తరవాత లఘువు, లెక్కపెట్టుకునే పనే లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, చా–చ. మిగిలిన మూడు పాదాలు మీవి. నియమం ఒక్కటే, పూరణలో ఆ వీరుడి గుణం ఒకటి కనపడాలి. "కల గంటి" అని తప్పించుకునే పూరణలు ఈ వారం తీసుకోను, ముందే చెబుతున్నా.

గోదారి గట్టు: బోణీ నాది.

ఏనుగొకటి కూలె నిలమీద నంతలో
ధర్మసుతుడు సగము దాచె మాట
ద్రోణు చెవిని పడిన దొక్కటే కేకగా
చావులేనివాడు చచ్చె నేడు

అశ్వత్థామ హతః, కుంజరః. అందరికీ తెలిసిందే కాబట్టి వివరణ అక్కర్లేదనుకుంటా.

సంధి పిచ్చి: "ధర్మసుతుడు సగము దాచె మాట" – ఈ పాదానికి నా టీ కప్పు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాను. కానీ గట్టు గారూ, ఒక చిక్కు. ద్రోణుడు పడింది పదిహేనో రోజున. అశ్వత్థామకి శాపం తగిలింది పద్దెనిమిదో రోజు రాత్రి జరిగిన ఘోరం తరవాత. మరి పదిహేనో రోజున వాణ్ణి "చావులేనివాడు" అని కేక వేసిందెవరు? ఇంకోటి, ఆ శాపం కూడా మూడు వేల ఏళ్లు తిరగమనే. మనం పొద్దున్నే చదువుకునే శ్లోకంలో అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు అని ఏడుగురినీ కలిపి చిరంజీవులన్నారు. చిరం అంటే చాలాకాలం. అమరుడని ఆ మాటలో ఎక్కడా లేదు.

గోదారి గట్టు: తండ్రికి కొడుకెప్పుడూ చావులేనివాడే సార్. ఆ కేక ద్రోణుడి చెవిలో అలా వినపడిందని రాశాను, వేసినవాడు అలా వేశాడని కాదు.

సంధి పిచ్చి: ఇది పద్యం కంటే బాగుంది. ఒప్పుకున్నా.

ఓరుగల్లు మాస్టారు: అదే ఘట్టం, కానీ నేను కొడుకుని వదిలి తండ్రిని పట్టుకున్నాను.

కొడుకు చచ్చె ననుచు కోదండమును వీడి
రథము మీద యోగరతుడు కాగ
విల్లు చేత నుండ వేవురు వచ్చినా
చావులేనివాడు చచ్చె నేడు

చేతిలో ఆయుధం ఉన్నంతసేపు నన్నెవరూ చంపలేరని ధర్మరాజుకి ద్రోణుడు తన నోటితోనే చెప్పుకున్నాడు. తన చావు కిటుకు శత్రువుకి చెప్పడం ఏమిటో! గురువుకి ఆ బలహీనత ఉంటుంది లెండి, అడిగినవాడికి చెప్పకుండా ఉండలేడు. నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తెలుసు.

సంధి పిచ్చి: మాస్టారూ, సమస్య విరిచిన తీరు ఇలా ఉండాలి. "చావులేని" అన్నమాటకి ముందు పాదంలో షరతు తగిలించేసరికి విరోధం ఇట్టే విడిపోయింది. ఒక్క చిన్న సంగతి, కోప్పడకండి. "అనుచు" ద్రుతాంతం, అంటే చివర న్ దాగిన మాట, దాని మీద క గ అవ్వాలి, "అనుచు గోదండము" అనాలి. కొ–గో కూడా యతి కుదురుతుంది కాబట్టి నష్టం లేదు.

ఓరుగల్లు మాస్టారు: సవరించుకున్నాను నాయనా. ఈ వయసులో కూడా ఎర్ర సిరా తప్పడం లేదు.

డల్లాస్ అక్క: నాది హిరణ్యకశిపుడు. చిరంజీవుల్లో లేడు, కానీ చావులేకుండా చూసుకోవాలని అంత జాగ్రత్తపడ్డవాడు ఇంకెవరున్నారు?

పగలు కాదు రేయి పడలేదు సంజలో
గడప మీద గోరు ఖడ్గమయ్యె
వరములందు సందు వదలని తెలివైన
చావులేనివాడు చచ్చె నేడు

గోదారి గట్టు: అక్కా, "గోరు ఖడ్గమయ్యె"! చదవగానే ఒళ్లు జలదరించింది.

ఓరుగల్లు మాస్టారు: "తెలివైన" అన్న ఒక్క మాటలో మనిషి మొత్తం దిగాడు. వీడు వీరుడి కంటే ముందు లాయరు. పగలొద్దు రాత్రొద్దు, లోపలొద్దు బయటొద్దు, మనిషొద్దు జంతువొద్దు అని అగ్రిమెంటు రాయించుకున్నట్టు అడిగాడు, చివరికి ఆ రాతలో మిగిలిన ఖాళీలన్నీ ఒకే చోట కలిసి గడపయ్యాయి. నిర్వాహకుడి మేనల్లుడు ఇది గమనించాలి. వాడి కథలో ఒక్కడైనా తన వరం గురించి ఇంత లెక్కగా ఆలోచించేవాడు ఉన్నాడా?

సంధి పిచ్చి: నాకు "నేడు" మీద చిన్న గిలి. సంజవేళ జరిగిందంటూనే నేడు అంటే... పోనీలెండి, నేడు అంటే ఈ రోజు, పగలు కాదు. నాకు నేనే జవాబు చెప్పేసుకున్నాను.

పలాస జీడి: నాకు పద్యం రాదు, మాట కలుపుతానంతే. మందస వైపు వెళ్తుంటే మహేంద్రగిరి కనిపిస్తుంది, కొండ ఒడిశాదే అయినా చూపు మాదే. పరశురాముడు అక్కడే ఉన్నాడంటారు. ఆయన్ని అందరూ కోపిష్ఠిగానే రాస్తారు ఎందుకో. గెలిచిన భూమంతా కశ్యపుడికి దానం చేసేశాక, ఇచ్చేసిన నేల మీద ఉండకూడదని కొండెక్కాడు. గొడ్డలి కంటే ఆ పట్టింపే ఆయన స్వభావమని నాకనిపిస్తుంది. ఇరవై ఒక్కసార్లు యుద్ధం చేసినవాడికి చివర్లో కాలు పెట్టుకోడానికి సొంత నేల లేదు, చూడండి.

నిర్వాహకుడు: జీడి గారూ, ఎవరైనా దీన్ని పద్యం చేస్తే బాగుణ్ణు. అన్నట్టు మేనల్లుడు వచ్చాడు, "కొత్త కలం" అని చేరాడు. కొంచెం మెల్లగా చూడండి, మొదటి పద్యం.

కొత్త కలం: నమస్కారం అండీ. నా మూడో వీరుడి గురించి.

వేయి యేండ్లు బతికి విసిగిన వీరుడు
పసుపుతాడు కట్టి పడతి కొరకు
ఒక్క బతుకు చాలు నని కోరె దేవిని
చావులేనివాడు చచ్చె నేడు

సంధి పిచ్చి: తమ్ముడూ, మొదటి రెండు పాదాలూ శుభ్రంగా ఉన్నాయి. మూడోదానిలో గణాలు సరే, యతి తప్పింది. ఒ దగ్గర మొదలుపెట్టి నాలుగో గణం "నని" అన్నావు, అక్కడున్నది అ. ఒకి అ కుదరదు. రెండోది, "కొరకు" దగ్గర పాదం ఆపి "ఒక్క" అని అచ్చుతో ఎత్తుకున్నావు, అక్కడ సంధి చెయ్యాలి. ఇలా చూడు:

నొక్క బతుకు చాలు నొసగు మని యడిగె

"కొరకున్" కి నకారం ఉంది కాబట్టి "నొక్క" వచ్చేసింది, నొ–నొ యతి కూడా పడింది. దేవి పోయింది, కానీ ఎవరిని అడిగాడో చెప్పకపోతేనే బాగుంది.

డల్లాస్ అక్క: తప్పుల సంగతి అలా ఉంచితే "విసిగిన" అన్న గుణం నచ్చింది బాబూ. వెయ్యేళ్లు బతికినవాడు కోపంగా ఉండడు, విసుగ్గా ఉంటాడు. కోపానికి ఓపిక కావాలి.

కొత్త కలం: థాంక్సండీ అక్కా. మామయ్య ఈ మాటే చెప్పుంటే అలిగేవాణ్ణి కాదు.

గోదారి గట్టు: మధ్యలో ఒక సరదాది. మా వీధిలో ఒక పెద్దాయనకి నిజంగా జరిగింది, నేను అశ్వత్థామలాంటి వీరుణ్ణి చేశాను.

లైఫు పత్ర మివ్వ లైనులో నిలువక
పింఛనాగె, తెరను పెట్టి రిట్లు
కాగితముల మధ్య కత్తి పట్టిన యట్టి
చావులేనివాడు చచ్చె నేడు

డల్లాస్ అక్క: హహ్హహ్హా! ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తే చాలుగా, లైనెందుకు?

గోదారి గట్టు: అశ్వత్థామ ముఖం ఏ ఫోను గుర్తుపడుతుందక్కా, నుదుట మణి పీకేశాక!

సంధి పిచ్చి: గుణమేదీ ఇందులో? నియమం ప్రకారం తిప్పికొట్టాలి. కానీ నవ్వాను కాబట్టి మాట్లాడే అర్హత పోయింది.

నిర్వాహకుడు: నేనూ ఒకటి రాశాను. రెండు రోజుల నుంచి కృపుడు నన్ను వదలడం లేదు. ఆ ఏడుగురిలో ఎవరూ పట్టించుకోనివాడు ఆయనే. ఆ రాత్రి పాండవ శిబిరంలో అశ్వత్థామ లోపలికి దూరి నిద్రలో ఉన్నవాళ్లని చంపుతుంటే, ద్వారం దగ్గర కృతవర్మతో కలిసి నిలబడి బయటికి పారిపోయేవాళ్లని నరికింది ఎవరు? ఈ కృపుడే. ముందు వద్దన్నాడు, నిద్రపోయేవాళ్లని చంపడం ధర్మం కాదని చెప్పిచూశాడు, వాడు వినకపోతే వెంట వెళ్లాడు. వాడు అక్క కొడుకో చెల్లెలి కొడుకో, మొత్తానికి తోబుట్టువు కృపి కొడుకు. మేనల్లుడు వినకపోతే మేనమామ ఏం చేస్తాడు (ఇది ఎవరినీ ఉద్దేశించి కాదు). అదే మేనల్లుడి అస్త్రం ఉత్తర కడుపులో పిల్లాణ్ణి తాకింది, కృష్ణుడు బతికించాడు. ఆ పిల్లాడు పరీక్షిత్తు పెద్దవాడయ్యాక విలువిద్య నేర్పడానికి కూర్చోబెట్టింది మళ్లీ కృపుణ్ణే.

మేనయల్లుడేసె మృతి గోరి యస్త్రము
కడుపులోని శిశువు కాలె నపుడు
పసికె విల్లు నేర్పు పనిపడి సిగ్గుతో
చావులేనివాడు చచ్చె నేడు

ఓరుగల్లు మాస్టారు: "పసికె" లో ఆ ఎకారం చూడండి. పద్యమంతా దాని మీదే నిలబడింది. సిగ్గుతో చచ్చాను అని రోజూ అనుకునే మాటే, సమస్యకి తాళంచెవి అయింది.

సంధి పిచ్చి: యతి మే–మృ. ఋకారానికి ఎకారంతో మైత్రి ఉంది కాబట్టి తప్పు పట్టలేను, చాలా ప్రయత్నించాను. భావంలో మాత్రం ఒక అనుమానం. కృపుడికి సిగ్గేసిందని భారతంలో ఎక్కడుంది?

నిర్వాహకుడు: లేదు. ఎక్కడా లేదు. ఆయన ఏమీ అనకుండా పాఠం చెప్పుకుంటూ పోతాడు. అందుకే రాయాలనిపించింది.

పలాస జీడి: ఒకే రాత్రి, ఒకే శిబిరం. లోపలున్నవాడికి శాపం, గుమ్మంలో ఉన్నవాడికి ఉద్యోగం. ఇద్దరూ చిరంజీవులే.

కొత్త కలం: మామయ్యా, నా ఏడుగురిలో ఇద్దర్ని మేనమామా మేనల్లుళ్లని చేసేస్తున్నా. గుమ్మం దగ్గర నిలబడేవాడికి ఒక్క డైలాగూ పెట్టను. గట్టు గారూ, ఆ పింఛను సీను కూడా వాడుకోవచ్చా?

గోదారి గట్టు: వాడుకో బాబూ. లైను మాత్రం పొడుగ్గా పెట్టు.