నకమురా గెలిచేది ఎత్తులతోనా, గడియారంతోనా?

పాతబంటు:
2018 నుంచి 2022 దాకా వరసగా ఐదుసార్లు ఆన్‌లైన్‌లో జరిగే స్పీడ్ చెస్ ఛాంపియన్‌షిప్ కొట్టాడని అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురాని ఇక్కడ కొందరు ఆకాశానికెత్తేస్తున్నారు. నాకు మింగుడు పడటం లేదు. ఓడిపోయే పొజిషన్‌లో కూర్చుని టకటకా ఎత్తులు వేసి అవతలివాడి టైమ్ అవగొడితే అది చెస్ ఎలా అవుతుంది?

ఓరుగల్లు_గుర్రం:
ముందు ఆ టోర్నమెంట్ టైమ్ కంట్రోల్ చూడండి సార్. ఐదు నిమిషాలు, తర్వాత మూడు, చివర్లో ఒకటి. అన్నిట్లోనూ ఇంక్రిమెంట్ ఉంది, అంటే ఎత్తు వేసిన ప్రతిసారీ కాస్త టైమ్ కలుస్తుంది. ఏనుగు తక్కువైనవాడు ఉత్తి మౌస్‌తో ఎంతసేపు నెట్టుకొస్తాడు? 2022 ఫైనల్లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్‌ని ఒక్క పాయింటు తేడాతో ఓడించాడు. కార్ల్‌సన్‌కి మౌస్ తిప్పడం రాదంటారా?
పొజిషన్ చెడినప్పుడు నకమురా ఆట చూడండి. మంత్రిని మార్చుకోడు. ప్రతి ఎత్తులో ఓ చిన్న బెదిరింపు పెడతాడు. అవతలివాడికి గెలిచే దారి ఒక్కటే మిగిల్చి, దాన్ని పది సెకన్లలో వెతుక్కోమంటాడు.

చూసిపోయేవాడు:
ఇద్దరూ ఓ బ్లిట్జ్, అదే ఐదు నిమిషాల ఆట, ఆడుకుని తేల్చుకోండి బాబూ.

పాతబంటు:
సెకను కలిసినా కలవకపోయినా ఫ్లాగ్ ఫ్లాగే, టైమ్ అవగొట్టి గెలవడమే. పోయిన వేసవిలో ఒక ఓపెన్ టోర్నమెంట్‌లో మా అబ్బాయి ఏనుగు ఎక్కువుండి కూడా క్లాక్ పడిపోయి ఓడాడు. ఇంక్రిమెంట్ లేని ఆట. అవతలి పిల్లాడు రాజుని అటొకసారి ఇటొకసారి జరిపాడు, అంతే. ఆర్బిటర్‌ని అడిగితే రూల్ అంతే అన్నాడు. ఇంటికొచ్చేదాకా మా వాడు నోరు విప్పలేదు.

ఓరుగల్లు_గుర్రం:
దానికి నకమురా ఏం చేశాడండీ?

ఎండ్‌గేమ్_లక్ష్మి:
పాతబంటు గారి మాటలోనూ కొంత నిజముంది. చెస్.కామ్ సైట్‌లో ప్రీమూవ్‌కి, అంటే అవతలివాడు ఆడకముందే పెట్టేసుకునే ఎత్తుకి, ఖర్చయ్యేది సెకనులో పదో వంతు. ఇంక్రిమెంట్ లేని ఒక్క నిమిషం ఆటలో చివరికి చేతివేగమే గెలుస్తుంది. కానీ నకమురా ఆ ఒక్కటే నమ్ముకున్నవాడు కాదు. 2015లోనే క్లాసికల్, అంటే గంటలకొద్దీ సాగే ఆటలో, రేటింగ్ 2816. ప్రపంచ ఛాంపియన్‌తో ఆడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నమెంట్‌లో, 2024 టొరంటోలో, గెలిచిన గుకేశ్ కంటే అర పాయింటే వెనక.

పాతబంటు:
అదే టొరంటోలో మన విదిత్ చేతిలో రెండుసార్లు ఓడాడు, అదీ రాయండి. 2005లో మన గ్రాండ్‌మాస్టర్ శశికిరణ్ మీద రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5 గడికి తెచ్చి ఓడిపోయాడు. గ్రాండ్‌మాస్టర్ ఆడే ఆటేనా అది?

ఓరుగల్లు_గుర్రం:
అప్పటికి అతనికి పదిహేడేళ్లు. ఇంతా చేసి మీ కోపం ఫ్లాగ్ మీద కాదులెండి. యూట్యూబ్‌లో నవ్వుతూ, కబుర్లు చెబుతూ ఆడేవాడు పెద్ద ఆటగాళ్ల సరసన కూర్చోవడం మీకు నచ్చట్లేదు.

పాతబంటు:
అవును, నచ్చట్లేదు. దాచేదేముంది? పొద్దున ఐదింటికి లేపి కోచింగ్‌కి తీసుకెళ్లేది నేను. వాడేమో రాత్రి దుప్పటి కింద ఫోన్‌లో బుల్లెట్, ఆ ఒక్క నిమిషం ఆటలు, ఆడతాడు. మందలిస్తే నకమురా కూడా ఇలాగే కదా నాన్నా అంటాడు. కోనేరు హంపి గారు 2019లో, 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌షిప్ గెలిచారు. రోజూ కెమెరా ముందు కూర్చుని గెలిచారా?

ఓరుగల్లు_గుర్రం:
ర్యాపిడ్‌లోనూ గడియారం ఉంటుంది కదండీ. మీరు ఫోన్ లాక్కుంటే ఏనుగు ఎక్కువున్న ఆటని ఇరవై సెకన్లలో ముగించడం మీ వాడు ఎక్కడ నేర్చుకోవాలి?

పాతబంటు:
నా కొడుకు ఊసు మీకనవసరం.

ఓరుగల్లు_గుర్రం:
మధ్యలోకి తెచ్చింది మీరే.

ఎండ్‌గేమ్_లక్ష్మి:
ఆగండి ఇద్దరూ. నకమురా 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్, ఐదుసార్లు అమెరికా ఛాంపియన్. ఇవన్నీ అయ్యాకే 2020లో స్ట్రీమింగ్‌తో ఇంత పేరొచ్చింది. పిల్లాడికి ఆ వరస చెప్పండి.

పాతబంటు:
చెప్పానమ్మా. అయితే గ్రాండ్‌మాస్టర్ అయ్యాక ఫోన్ ఇస్తావా అని అడిగాడు. చూద్దాంలే అన్నాను. ఫ్లాగ్ విషయంలో మాత్రం నా మాట మారదు.