అప్‌డేట్: ఇంజురీలో జ్యూరీ ఎందుకుంది?

అమీర్‌పేటలో బండి జారి మోకాలు చెక్కుకుపోయినప్పుడు, ఫారంలో 'ఇంజురీ' అని రాస్తూ అందులో జ్యూరీ ఎందుకుందని అడిగాను కదా. చుట్టరికం నిజమేనట. లాటిన్‌లో 'యూస్' అంటే న్యాయం, హక్కు. ముందు 'ఇన్' చేరితే 'ఇన్‌యూరియా', అంటే అన్యాయం. దెబ్బ అనే అర్థం తర్వాత వచ్చింది. కోర్టులో ప్రమాణం చేసి తీర్పు చెప్పే జ్యూరీ కూడా ఆ 'యూస్' ఇంటిదే, ప్రమాణం చేయడం అనే మాట మీదుగా.

నాంపల్లి కోర్టులో ప్రాక్టీస్ చేసే బాబాయ్ ఇంకో సంగతి చెప్పాడు. 2024 దాకా అమల్లో ఉన్న 1860 నాటి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 44వ సెక్షన్ ప్రకారం శరీరానికే కాదు, మనసుకు, పరువుకు, ఆస్తికి చట్టవిరుద్ధంగా చేసిన హాని కూడా ఇంజురీగానే లెక్క ఉండేది. ఒంటి నొప్పికి 319వ సెక్షన్‌లో వేరే మాట ఉండేది: 'హర్ట్'. మనమేమో మనసు నొచ్చుకుంటేనే 'హర్ట్ అయ్యా' అంటాం!

మోకాలు మానింది. హ్యాండిలే ఇంకా వంకరగా ఉంది.