లైవ్ టెంప్లేట్‌కి సొంత మాక్రో ప్లగిన్: జాబితాలో కనిపించట్లేదు, సాయం చేయండి

టెర్మినల్_తాత:
పొద్దున్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. ఇంటెల్లిజేలో (కోడ్ రాసే ఎడిటర్) లైవ్ టెంప్లేట్ కోసం, అంటే పొట్టిపేరు టైపు చేస్తే పూర్తి కోడ్ ముక్కగా మారేదానికి, సొంత మాక్రో రాశా. సెలెక్ట్ చేసిన టేబుల్ పేరులో ముందున్న టీబీఎల్ అండర్‌స్కోర్ తీసేసి, మిగతాది క్లాస్ పేరుగా మార్చాలి. డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టే మాక్రోబేస్ నుంచి క్లాస్, ప్లగిన్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో (ప్లగిన్ వివరాల ఫైలు) ఎంట్రీ. బిల్డ్ అవుతోంది, ఎర్రర్ లేదు. టెంప్లేట్ వేరియబుల్స్‌కి విలువలిచ్చే ఎడిట్ వేరియబుల్స్ విండోలో మాత్రం నా మాక్రో పేరే లేదు! ఏం మిస్సయ్యా?

పప్పుచారు_డెవ్:
ఏ భాష? టెంప్లేట్ కాంటెక్స్ట్, అంటే అది పనిచేయాల్సిన చోటు, ఏది?

సెమికోలన్:
అసలు దీనికి ప్లగిన్ ఎందుకండీ? గ్రూవీ భాష స్క్రిప్ట్‌ని నడిపే గ్రూవీస్క్రిప్ట్ అనే మాక్రో ముందే ఉంది. మొదటి ఆర్గ్యుమెంట్‌గా స్క్రిప్ట్ స్ట్రింగ్, రెండోదిగా సెలెక్షన్ ఇవ్వండి. లోపల అది అండర్‌స్కోర్ ఒకటి అనే పేరుతో అందుతుంది. రీప్లేస్‌ఫస్ట్‌తో టీబీఎల్ కొట్టేసి, బయట క్యామెల్‌కేస్ (అండర్‌స్కోర్లు తీసి పదాలు కలిపేది), దాని బయట క్యాపిటలైజ్ (మొదటి అక్షరం పెద్దది చేసేది). ఒక్క లైను. గ్రేడిల్ (బిల్డ్ టూల్), శాండ్‌బాక్స్ (ప్లగిన్ పరీక్షించే వేరే ఇంటెల్లిజే), ఈ బాధలేవీ ఉండవు. చీమకి గొడ్డలి తీసుకెళ్తున్నారు.

టెర్మినల్_తాత:
టీమ్‌లో అందరికీ ఇవ్వాలండీ, టెస్టులూ రాయాలి. స్ట్రింగ్‌లో కుక్కిన గ్రూవీకి టెస్టు ఎక్కడ రాయను?

వీధి_కంపైలర్:
ఒక మాట. మాక్రో అని ఊరికే అనకండి, కొత్తవాళ్లు తికమకపడతారు. ఎడిట్ మెనూలో మాక్రోస్ అంటే కీస్ట్రోకులు రికార్డు చేసేవి, అది వేరు. కొత్త ఫైళ్ల కోసం వాడే ఫైల్ టెంప్లేట్లు వెలాసిటీ అనే టెంప్లేట్ ఇంజిన్‌తో నడుస్తాయి, అది ఇంకో లోకం. మీది లైవ్ టెంప్లేట్ ఎక్స్‌ప్రెషన్‌లో పిలిచే ఫంక్షన్.

సెమికోలన్:
డాక్యుమెంటేషనే మాక్రో అంటుంటే మనం ఫంక్షన్ అనడం ఎందుకు?

వీధి_కంపైలర్:
డాక్యుమెంటేషన్ సెట్టింగుల పేజీలో ఫంక్షన్ అనే రాసింది, చదవండి.

పప్పుచారు_డెవ్:
పేర్ల గొడవ తర్వాత. మాక్రో ఏ కాంటెక్స్ట్‌లో చెల్లుతుందో చెప్పే ఈజ్‌యాక్సెప్టబుల్‌ఇన్‌కాంటెక్స్ట్ మెథడ్‌లో ఏం రాశారో పెట్టండి.

టెర్మినల్_తాత:
కాంటెక్స్ట్, జావాకోడ్‌కాంటెక్స్ట్‌టైప్ ఇన్‌స్టాన్స్ అయితే ట్రూ, లేకపోతే ఫాల్స్. శాంపిల్‌లో మార్క్‌డౌన్ ఉంటే జావాకి మార్చా. టెంప్లేట్ కోట్లిన్‌ది.

పప్పుచారు_డెవ్:
అదే. కోట్లిన్ కాంటెక్స్ట్‌కి ఫాల్స్ వస్తుంది కాబట్టి జాబితా వడపోతలో మీ మాక్రో పోయింది. ఆ మెథడ్ పూర్తిగా తీసేయండి, అసలు క్లాస్‌లో డిఫాల్టు ట్రూనే.

టెర్మినల్_తాత:
తీసేశా, జాబితాలోకి వచ్చింది. ఇప్పుడు టెంప్లేట్ పొట్టిపేరు టైపు చేసి ట్యాబ్ కొడితే ఖాళీ వస్తోంది!! లాగ్‌లో కూడా ఏమీ లేదు.

సెమికోలన్:
గ్రూవీ అయితే ఈ పాటికి ఇంటికెళ్లేవారు.

పప్పుచారు_డెవ్:
ట్యాబ్ కొడితే సెలెక్షన్ ఎక్కడిది? అబ్రివియేషన్ (ఆ పొట్టిపేరు) టైపు చేస్తున్నప్పుడు ఏదీ సెలెక్ట్ అయి ఉండదు, అందుకే సెలెక్షన్ ఖాళీ. టెక్స్ట్ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఆల్ట్ జె నొక్కండి, సరౌండ్ జాబితా తెరుచుకుంటుంది, అందులోంచి మీ టెంప్లేట్ ఎంచుకోండి. ట్యాబే కావాలంటే సెలెక్షన్ బదులు క్లిప్‌బోర్డ్ ఫంక్షన్ ఇవ్వండి.

ఇంకో రెండు. మాక్రో ఫలితాన్ని లెక్కించే క్యాలిక్యులేట్‌రిజల్ట్ మెథడ్‌లో పారామీటర్ లెక్కించిన ఫలితం నల్ (అసలు విలువే లేకపోవడం) కావచ్చు, చూసుకోకుండా టూస్ట్రింగ్ పిలవకండి; ఖాళీ అయితే మీరూ నల్ ఇవ్వండి, అప్పుడు డిఫాల్ట్ విలువ పడుతుంది. ఆ డిఫాల్ట్ కూడా ఎక్స్‌ప్రెషనే, డబుల్ కోట్స్‌లో లేకపోతే దాన్ని వేరియబుల్ అనుకుని ఖాళీ ఇస్తుంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఆ కోట్స్‌ని ఆంపర్సాండ్ క్వాట్ సెమికోలన్‌గా రాయాలి.

వీధి_కంపైలర్:
శాండ్‌బాక్స్‌లో టెంప్లేట్‌ని చేత్తో మార్చి ఉంటే కొత్త బిల్డ్‌లోని ఎక్స్‌ఎంఎల్ కనపడదు, అక్కడ సేవ్ అయిన కాపీదే పెత్తనం. సెట్టింగుల్లో దాని మీద కుడి క్లిక్, రిస్టోర్ డిఫాల్ట్స్.

టెర్మినల్_తాత:
కంట్రోల్ ఆల్ట్ జెతో వచ్చింది. థాంక్స్. మ్యాక్‌లో ఏంటి?

పప్పుచారు_డెవ్:
కమాండ్ ఆప్షన్ జె.

సెమికోలన్:
నల్‌కి తెలుగులో ఏమంటారు, శూన్యమా?

వీధి_కంపైలర్:
శూన్యం అంటే సున్నా కూడా అవుతుంది. నల్ వేరు, ఖాళీ స్ట్రింగ్ వేరు, సున్నా వేరు. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి.