కవాతు: డ్రిల్లా, పరేడా, మార్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. సిలోన్ (ఇప్పటి శ్రీలంక) తేయాకు తోటల మీద ఒక ఇంగ్లీషు అధ్యాయాన్ని తెలుగు చేస్తున్నాను. అక్కడి తోటల దొరలు నడిపిన వాలంటీరు పటాలం, ఏడాది పొడవునా వాళ్లు చేసిన పనులు అందులో వస్తాయి. డ్రిల్, పరేడ్, రూట్ మార్చ్, మస్కెట్రీ, క్యాంప్, ఇన్‌స్పెక్షన్. నిఘంటువు చూస్తే మొదటి మూడింటికీ కవాతు అనే ఉంది. ఒకే పేరాలో మూడుసార్లు కవాతు అని రాస్తే చదివేవాళ్లకి ఏం తేడా తెలుస్తుంది? మాష్టారూ, మీరేమంటారు?

జవాబు: అమ్మా, మంచి చిక్కే తెచ్చావు. ఈ మాట మీద నాకు చాలా ఇష్టం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

కవాతు అసలు అరబీ మాట. 'ఖాయిదా' అంటే పునాది, ఆధారం, నియమం. దాని బహువచనం 'ఖవాయిద్', అంటే నియమాలు. ఉర్దూలో వ్యాకరణాన్ని ఖవాయిద్ అంటారు, సిపాయిల డ్రిల్లునీ ఖవాయిద్ అనే అంటారు. హైదరాబాదులో పిల్లలు అక్షరాలు నేర్చుకునే మొదటి పుస్తకం పేరు ఖాయిదా. కన్నడంలో చట్టాన్ని కాయిదె అంటారు, మరాఠీలో కాయదా. మాట దక్షిణానికి దిగుతున్నకొద్దీ చివరి 'ద' కాస్తా 'త' అయింది: మరాఠీలో కవాయత్, కన్నడంలో కవాయతు. మన దగ్గర నడుమ ఉన్న 'య' కూడా జారిపోయి కవాతు మిగిలింది.

అంటే కవాతులో నడక లేదు. అందులో ఉన్నది నియమం. కుడికి తిరగడం, తుపాకి భుజానికి ఎత్తడం, దించడం, నలుగురి అడుగు ఒక్కటిగా పడటం, ఇవన్నీ సూత్రం ప్రకారం జరగాలి. వ్యాకరణం మాటలకు చేసే పని కవాతు మనుషులకు చేస్తుంది. డెబ్బైల్లో కాలేజీలో ఎన్‌సీసీ చేసినప్పుడు నాకిది తెలియదు. ఆదివారం పొద్దున్నే గ్రౌండులో 'సావధాన్', 'విశ్రామ్', 'దాహినే ముడ్' అని హిందీలో అరుస్తుంటే తిరిగేవాళ్లం. 'కదమ్ తాల్' అంటే ఉన్నచోటే కాళ్లు ఎత్తి దించడం. అంగుళం కూడా ముందుకు పోము, అయినా అది కవాతే. అందుకని డ్రిల్లుకి కవాతు అని ధైర్యంగా రాయి. ఆ మాట దానికే ఉంచు.

పరేడ్ వేరు. అది అందరూ వరుసలు కట్టి, పై అధికారి ముందో జనం ముందో నిలబడటం. దాన్ని పరేడ్ అనే వదిలెయ్యి, తెలుగువాళ్లందరికీ తెలిసిన మాటే. రూట్ మార్చ్‌కి కవాతు అసలు నప్పదు. మూటాముల్లె, తుపాకి వీపున వేసుకుని మైళ్ల కొద్దీ నడవడం అది. 'దూరపు నడక' అంటే సరిపోతుంది. 'కదం తొక్కడం' అని రాయాలనిపిస్తుంది, బాగానే ఉంటుంది. అందులోని కదం కూడా అరబీ ఖదమే, అడుగు అని అర్థం. కానీ ఆ మాటకిప్పుడు ఉద్యమాల వేడి అంటుకుంది. ఆదివారం సిపాయి వేషం కట్టిన తోట దొరకి అది అతకదు. మస్కెట్రీని 'గురి సాధన' అను. ఇన్‌స్పెక్షన్‌కి తనిఖీ ఉండనే ఉంది.

నువ్వు రాసిన జాబితాలో లేదుగానీ, ఇలాంటి పటాలాల నివేదికల్లో 'ఎఫిషియెంట్' అనే మాట తప్పకుండా ఎదురవుతుంది. దాన్ని సమర్థుడు అని రాశావో, అర్థం మొత్తం పోతుంది. ఏడాదిలో ఇన్ని కవాతులకు రావాలి, గురి పరీక్ష ముగించాలి అని లెక్క ఉండేది. ఆ లెక్క పూర్తి చేసినవాడే ఎఫిషియెంట్. అలాంటివాళ్లు ఎంతమంది ఉంటే పటాలానికి సర్కారు నుంచి తలకింత చొప్పున అంత గ్రాంటు. అందుకే ఆ నివేదికలు రాసినవాళ్లకి ఈ సంఖ్య మీద అంత శ్రద్ధ. 'ఏడాది కవాతు పూర్తి చేసినవాడు' అని రాయి. పొడుగైనా ఫరవాలేదు.

ఇక వాలంటీరు అన్న మాట. ఇదీ జాగ్రత్తగా వాడాలి. ఈ రోజు ఆంధ్రలో వాలంటీరు అంటే పింఛను ఇంటికి తెచ్చిచ్చిన మనిషి గుర్తొస్తాడు. స్వచ్ఛంద సేవకుడు అంటే వరదల్లో అన్నం పొట్లాలు పంచేవాడు. నీ అధ్యాయంలో వాలంటీరు చేతిలో తుపాకి ఉంది. మద్రాసులో వాలంటీర్ గార్డ్స్ పుట్టింది 1857లో, సిపాయిల తిరుగుబాటు ఏడాదే. ఆ తర్వాత రైల్వేలు కూడా ఈ పటాలాలు పెట్టుకున్నాయి. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి ఒకటి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి ఒకటి, నిజాం రైల్వేకి ఒకటి. వాటిలో ఉన్నది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు. 1920లో చట్టం చేసి వీటిని ఆగ్జిలరీ ఫోర్స్, అంటే సహాయక సైన్యం, కింద చేర్చారు. గుంతకల్లు, వాల్తేరు, కాజీపేట లాంటి రైల్వే ఊళ్ల పాత కథల్లో ఈ మాటలన్నీ కావాలి, అందుకే చెబుతున్నాను.

భారతీయులకు ఆ తలుపు మూసే ఉంచారు. మమ్మల్నీ వాలంటీర్లుగా చేర్చుకోండని 1886లో కలకత్తా కాంగ్రెస్ తీర్మానమే చేసింది. ఆ తీర్మానం గురించి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. తమ దేశాన్ని తాము కాపాడుకుంటామని అర్జీ పెట్టుకోవలసి వచ్చింది. ముప్పై అయిదేళ్ల తర్వాత, 1921లో, చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు తన వాలంటీర్లకు ఎవరినీ అడక్కుండానే 'రామదండు' అని పేరు పెట్టారు. అందుకే దొరల పటాలానికి దండు అని రాయొద్దని నా కోరిక. పటాలం అని నువ్వు రాసిందే సరైనది. అదీ బెటాలియన్ మన నోట్లో నలిగి తయారైన మాటేనంటారు.

మరొకరు: మాష్టారూ, ఒక్క మాట కలుపుతాను. మేం చాలా ఏళ్లు తమిళనాడులో, నీలగిరుల మీది కూనూరులో ఉన్నాం. అక్కడ తేయాకు తోటల్లో కవాత్తు అంటే డ్రిల్లు కాదండీ. మొక్కల కొమ్మలు కత్తిరించడం! 'ఈ ఏడాది మా వైపు తోటంతా కవాత్తు' అనేవారు ఇరుగుపొరుగు. దానికి వాడేది కవాత్తు కత్తి. మొదటిసారి విన్నప్పుడు పోలీసులు వస్తున్నారేమో అనుకున్నాను.

జవాబు: అమ్మా, ఎంత మంచి మాట చెప్పారు! తమిళంలో కవాత్తుకి రెండు అర్థాలూ ఉన్నాయి. రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయని తొందరపడి అనకూడదు, కానీ అడిగిన అమ్మాయికి ఇది చాలా పనికొస్తుంది. సిలోన్ తోటల్లో పనిచేసింది ఎక్కువగా తమిళులే. సిలోన్ ప్లాంటర్స్ రైఫిల్ కోర్ 1900లో మొదలైంది, కేంద్రం క్యాండీ. వారమంతా దొర తన తోటలో కూలీల చేత కవాత్తు చేయిస్తాడు, అంటే కొమ్మలు కొట్టిస్తాడు. తర్వాత తానే ఖాకీ వేసుకుని కవాతుకు వెళ్తాడు. ఒకే కొండ మీద ఆ మాట రెండు పనులకూ పలికేది. ఆ కవాతు ఆటగా కూడా మిగల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక, 1914లో వాళ్లలో రెండు వందల మందికి పైగా ఈజిప్టుకు ఓడెక్కారు, 1915లో టర్కీలోని గల్లిపోలి యుద్ధం దాకా వెళ్లారు.

ఇంకో చిన్న సంగతి. హిందీ పత్రికల్లో ప్రభుత్వం ఏదైనా పని మొదలుపెడితే 'కవాయద్ షురూ' అని రాస్తారు. మన పత్రికలు అదే చోట 'కసరత్తు మొదలు' అంటాయి. వాళ్లు డ్రిల్లు పట్టుకున్నారు, మనం వ్యాయామం పట్టుకున్నాం.

అడిగినవారు: ఇద్దరికీ ధన్యవాదాలు. వాక్యం ఇలా మార్చాను: 'వానలు తగ్గాక కవాతులు మొదలయ్యేవి. తోటల నుంచి దొరలు గుర్రాల మీద దిగి వచ్చేవారు. ఆ తర్వాత గురి సాధన, ఒక దూరపు నడక, చివరికి డేరాల్లో క్యాంపు. ఏడాది కవాతు పూర్తి చేసినవారి పేర్లు మాత్రమే గ్రాంటు లెక్కకు ఎక్కేవి.' క్యాంపుని శిబిరం చేయమంటారా?

జవాబు: వద్దమ్మా. శిబిరం అంటే కంటి శిబిరమో రక్తదాన శిబిరమో గుర్తొస్తుంది. డేరాల్లో క్యాంపు అన్నావు, కళ్లకు కట్టింది. అలాగే ఉంచు. 'కవాతులు' అని బహువచనం కూడా ఉంచు. లోపల ఇప్పటికే ఒక బహువచనం ఉందని అరబీ తెలిసినవాళ్లు అంటారేమో, అననీ. తెలుగులోకి వచ్చాక అది మన మాట, 'లు' చేర్చుకునే హక్కు మనకుంది.